లేని నాలుగో చరణం

"ఆగండాగండి! నాలుగో చరణమేదీ?"

ప్రొఫెసర్ సెవెరిన్ లుకిచ్ పెన్సిలుతో జడ్జీల బల్ల మీద టకటకా కొట్టాడు. వేదిక మీద పగడాల దండలు వేసుకున్న ఆరుగురు ఆడవాళ్ళూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. వాళ్ళ లెక్కన కోతల పాట అయిపోయింది.

"పాట అంతేనండీ," అంది ఉల్యానా. అరవై దాటిన మనిషి, జట్టుకి పెద్ద.

"అంతేనా? నలభై అయిదేళ్ళ కిందట మీ ఊళ్ళో నేనే స్వయంగా రికార్డు చేసుకున్నానమ్మా! 'పడవ అద్దరికి పోయిందోయీ, రేపటిదాకా రాబోదోయీ'... దాని మీద పుస్తకమే రాశాను!"

రాసిన మాట నిజం. పడవంటే ప్రాణమట, అద్దరి, అంటే అవతలి ఒడ్డు, పరలోకమట. నూట ఎనభై పేజీలు. ఆ పుస్తకంతోనే ప్రొఫెసరయ్యాడు. క్లాసులో ఆ చరణం చదివితే ఇప్పటికీ గొంతు బొంగురుపోతుంది ఆయనకి.

"మా అమ్మమ్మ నాకు మూడే నేర్పింది."

"మర్చిపోయుంటారు."

"నా పేరైనా మర్చిపోతాను గానీ పాట మర్చిపోనండీ."

హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ప్రొఫెసర్ చెవులు ఎర్రబడ్డాయి.

"చూడమ్మా, నాలుగో చరణం పాడారా, కీవ్ ఉత్సవానికి మీ జట్టే వెళ్తుంది. లేదా, పక్క ఊరి వాళ్ళని పంపిస్తాను. సగం పాట పాడేవాళ్ళని అంత దూరం పంపి నేను నవ్వులపాలు కాలేను."

వెనక నుంచి మెలానియా ఉల్యానా చెయ్యి గిల్లింది. జట్టులో అందరికంటే ముసలిది.

"పాడెయ్యవే! పుస్తకంలో ఉందటగా, నీ సొమ్మేం పోయింది? ఎనభై రెండేళ్ళొచ్చాయి, కీవ్ చూడకుండానే పోయేట్టున్నాను. నీ మొండితనం మండ!"

ఉల్యానా తల అడ్డంగా ఊపింది.

"అమ్మమ్మ పాటలో లేనిది వేదికెక్కి పాడను పిన్నీ."

"లేదని రుజువు చెయ్యండి!" ప్రొఫెసర్ లేచి నిలబడ్డాడు. "చేస్తే ఇక్కడే, ఇప్పుడే, మీ కీవ్ కాగితం మీద సంతకం పెడతాను. నాకు పాడి వినిపించింది మీ ఊరి పిల్లేనమ్మా! రేవులో బట్టలుతుకుతూ పాడింది. ఆ గొంతు ఇంకా నా చెవుల్లోనే ఉంది."

"పసుపు రుమాలు కట్టుకుందా?"

ప్రొఫెసర్ చేతిలో పెన్సిలు ఆగిపోయింది.

"అవును... మీకెలా తెలుసు?"

ఉల్యానా వేదిక అంచుదాకా వచ్చింది. చెప్పాలా వద్దా అన్నట్టు ఒకసారి మెలానియా వైపు చూసింది.

"మూడు చరణాలవగానే మీరు రికార్డు పెట్టె సర్దేసుకున్నారు. అయిదింటి పడవకి వేళైందన్నారు. ఇంకోటుంది, ఉండండన్నాను. ఆ నాలుగోది అప్పటికప్పుడు నేనే కట్టాను."

"కట్టారా? ఎందుకూ?"

"పడవ వెళ్ళిపోయిందంటే ఆ పూటకి ఆగుతారని, మహానుభావా! మీరేమో దాన్నీ రికార్డు చేసుకుని, పరుగెత్తుకెళ్ళి ఆ పడవే ఎక్కేశారు."