నీళ్ళడిగిన అమ్మాయి

“నీళ్ళా? సబ్బూ తువ్వాలూ కూడా తెమ్మంటావా అమ్మాయ్, స్నానం కూడా ఇక్కడే కానిచ్చేద్దువు గాని!” అన్నాడు బీరు వడ్డిస్తున్న మాట్టెస్.

బీరుశాల అంతా గొల్లుమంది. గైడ్‌ పుస్తకం ముందేసుకుని కూర్చున్న అమ్మాయి సిగ్గుతో తల దించుకుంది.

“చిన్నబుచ్చుకోకు పిల్లా,” అంది పక్కనున్న ట్రూడి. “కొలోన్‌లో కోబెస్, అదే బీరు వడ్డించేవాడు, తిట్టాడంటే నిన్ను మనిషిగా లెక్కేసినట్టే. మర్యాదగా మాట్లాడాడనుకో, అప్పుడు భయపడాలి. ఏ ఊరు నీది?”

“ఫిన్లాండ్ అండీ. నా పేరు సెల్మా. ఊరు చూద్దామని వచ్చాను.”

ట్రూడికి ఇంతకన్నా ఏం కావాలి! ఎవరైనా ఊరు చూడ్డానికి వచ్చామంటే చాలు, ఆవిడకి పూనకం వస్తుంది.

“అయితే చెప్తా విను. చర్చి గోపురం ఎక్కాలంటే పొద్దున్నే ఎక్కు. బీరు తాగి ఎక్కావో, సగం మెట్ల మీద దేవుడు గుర్తొస్తాడు. ఆ మడమల చెప్పులు మానెయ్, మా వీధుల్లో రాళ్ళకి జాలి లేదు. బల్ల ఖాళీ లేదని నిలబడొద్దు, ఎవరి పక్కన చోటుంటే అక్కడ కూలబడు. ఇక గ్లాసు ఖాళీ అయిందా, అడక్కుండానే ఇంకోటి పెట్టేస్తాడు. చాలనుకుంటే...”

ఆవిడ చెప్పేలోపే సెల్మా ఎడమచేత్తో తన బీరు గ్లాసు కింది అట్టబిళ్ళ తీసి గ్లాసు మీద మూత పెట్టింది.

“ఓరి నాయనో! ఎవరు నేర్పారే?”

“పుస్తకంలో ఉందండీ.”

ట్రూడి గొంతు తగ్గించింది. “ఇవాళ వీడికి పరీక్ష. ఈ పొడుగు బల్ల మాది, రోజూ వచ్చే పాతకాపులది. మేం ఊఁ అంటేనే ఇక్కడ కోబెస్ ఉద్యోగం. మొదటివాడు నోరు తెరిస్తే తేనె కారింది, పంపించేశాం. రెండోవాడు బంగారంలా తిట్టాడు గానీ, వాళ్ళ నాన్నది ఆ ఊరని తేలింది.”

“ఏ ఊరు?”

ట్రూడి అటూ ఇటూ చూసి, చెవిలో “డ్యూసెల్‌డార్ఫ్” అని, వెంటనే ఒక గుక్క తాగి నోరు శుభ్రం చేసుకుంది. “ఈ ఏటి ఒడ్డునే, దిగువన, రైల్లో అరగంట. ఆ ఊరివాళ్ళకి ఇక్కడ గిన్నెలు తోమే పని కూడా ఇవ్వం.”

మాట్టెస్ గుండ్రటి పళ్ళెంతో గ్లాసులు మోసుకుంటూ అటే వచ్చాడు. నీలం చొక్కా, తోలు ఏప్రాన్. ఆ వేషం కోసం చిన్నప్పటినుంచీ కలలు కన్న మనిషి. ఇది కూడా తప్పిపోతే మళ్ళీ మామయ్య చెప్పుల కొట్లో కూర్చోవాల్సిందే. చెమటతో వీపంతా తడిసింది, మొహంలో మాత్రం బెరుకు కనిపించనివ్వలేదు.

“ఇదిగో నువ్వడిగిన అర కోడి,” అంటూ ఎడమచేత్తో పళ్ళెం ఆమె ముందుకు తోశాడు.

అందులో ఒక రై రొట్టె, మందంగా కోసిన జున్నుముక్క ఉన్నాయి.

“కోడి ఏదండీ?”

“నువ్వు నీళ్ళడిగావని అలిగి వెళ్ళిపోయింది.”

“మా ఊళ్ళో రొట్టె, జున్నుకే ‘అర కోడి’ అని పేరు పిల్లా,” అంటూ ట్రూడి నవ్వు ఆపుకోలేక కళ్ళు తుడుచుకుంది. బల్ల చివర కూర్చున్న పిట్టర్ మాత్రం పెదవి కదపలేదు. ఆయనే అసలు గండం.

“ఏవోయ్, ఏ వీధి మీది?” అన్నాడు పిట్టర్.

“తాగడానికొచ్చావా, పెళ్ళిసంబంధం చూడ్డానికొచ్చావా ముసలాడా?” అంటూ మాట్టెస్ ఆయన ముందు గ్లాసు ఠక్కున పెట్టాడు.

పిట్టర్ మళ్ళీ ఏదో అడగబోయాడు. సరిగ్గా అప్పుడే సెల్మా పుస్తకం తిరగేస్తూ గట్టిగా అంది: “ఏమండీ, నల్ల బీరట, ఆల్ట్ అట. అదొకటి తెస్తారా?”

పిట్టర్‌కి పొలమారింది. “అది... అది ఆ ఊరి బీరు!”

అందరూ మాట్టెస్ వైపే చూశారు. అతని మెడ ఎర్రబడింది.

“ఉందమ్మాయ్,” అన్నాడు నెమ్మదిగా. “గ్లాసులు కడిగిన తొట్టిలో ఉంది. కాస్త ఓపిక పట్టు, ఇంకో నాలుగు పళ్ళేలు ముంచితే సరిగ్గా ఆ రంగొస్తుంది.”

నవ్వులకి కిటికీలు అదిరాయి.

“రేపు ఆ ఊరికే వెళ్తున్నానండీ. అక్కడ చూడాల్సినవేంటి?” అంది సెల్మా అమాయకంగా.

“ఒక్కటే. కొలోన్‌కి వచ్చే రైలు.”

పిట్టర్ పిడికిలితో బల్ల గుద్దాడు. గ్లాసులు ఎగిరిపడ్డాయి. “వీడే! వీడే మనవాడు! ఇంక అడిగేదేముంది! ఒరేయ్, మీ అమ్మ నీకు ఉగ్గుపాలు కూడా మన కోల్ష్ బీరు కలిపే పట్టి ఉంటుందిరా!”

“మా అమ్మ ఊసెందుకులే, తాగు,” అన్నాడు మాట్టెస్. చేతిలో పళ్ళెం మాత్రం బొంగరంలా తిప్పాడు. సంతోషం ఎంతసేపని దాచగలడు?

ట్రూడి లేచి అతన్ని కౌగలించుకుంది. తర్వాత సెల్మా బుగ్గ గిల్లింది. “నీ తిక్క ప్రశ్నలే వీడి అదృష్టం పిల్లా. కోడి రాలేదని బాధపడకు, ఈసారొస్తే మా ఇంట్లో వండి పెడతా.”

సెల్మా అందరికీ చెయ్యూపి వెళ్ళిపోయింది. పని దిగాక మాట్టెస్ కొత్త ఏప్రాన్ మడిచి సంచిలో పెట్టుకుని, చర్చి పక్కనున్న స్టేషన్‌కి ఈల వేసుకుంటూ నడిచాడు. రైలెక్కి, కిటికీ పక్కన కూర్చుని, సంచి గుండెకు హత్తుకున్నాడు. రోజంతా నిలబడ్డ కాళ్ళు కదా, వంతెన దాటేసరికే కునుకు పట్టేసింది.

కాసేపటికి ఎవరో భుజం తట్టి లేపారు.

“అన్నయ్యా, డ్యూసెల్‌డార్ఫ్ వచ్చేసింది, దిగు, ఇంట్లో అమ్మ ఎదురుచూస్తుంటుంది,” అంది సెల్మా.