పెద్దబజారు ఆట

గుర్వమ్మ దివాలా తీసింది.

"అవ్వా, లే! నీ దుకాణం పాయె, నీ ఆట గూడ అయిపాయె," అంటూ మనుమరాలు హరిత చప్పట్లు కొట్టింది.

ఆదివారం మధ్యాహ్నం. నకిరేకల్‌లో వాన దంచికొడుతోంది. అంగడి రోజే అయినా గిరాకీ లేదు. విజేందర్ తన గాజుల దుకాణం షట్టర్ సగం దించి, వెనక ఇంట్లో తల్లితో, కూతురితో పెద్దబజారు ఆడుతున్నాడు. అట్ట మీద ఒక బజారు, అందులో నాలుగు దుకాణాలు. పక్కవాళ్ల గిరాకీ లాక్కుని, అందరి దుకాణాలూ మూయించినవాళ్లదే గెలుపు.

నాలుగో మనిషి ఇంటివాడు కాదు. పేరు పెద్దులు. అంగట్లో మిరపకాయలు అమ్ముకుని ఊరికి పోతూ, వానకు వాళ్ల అరుగు మీద నిలబడ్డాడు. విజేందర్ భార్య శైలజ ఆయన్ని లోపలికి పిలిచి, చాయ్ పెట్టడానికి పోతూ తన చోట్లో కూర్చోబెట్టింది.

గుర్వమ్మ మోకాళ్లు పట్టుకుని లేవబోయింది.

"కూసో చెల్లె," అన్నాడు పెద్దులు. తన ముందున్న రంగు బిళ్లల్లో సగం ఆమె వైపు నెట్టాడు. "గివి నీ సరుకు. నా పక్కన దుకాణం పెట్టుకో."

విజేందర్ ముఖం చిట్లించాడు. ఇంకాస్తయితే గెలుపు అతనిదే.

"పెద్దమనిషీ, గట్ల ఇయ్యొద్దు. ఓడినోళ్లు లేవాలె. అది రూలు."

"నా సరుకు నేనిచ్చిన. నీకేమాయె?"

"డబ్బా మీద రాసున్నది, సూడు."

"రాసినోళ్లది తప్పు."

హరిత కిసుక్కున నవ్వింది. "రూలు ఎట్ల తప్పయితది తాతా?"

"అయితది బిడ్డా. అంగడి అన్నంక పోటీ ఉంటది. ఒకల గిరాకి ఒకలు గుంజుకుంటరు. గని దుకాణం పోయిందని మనిషినే అంగట్లకెళ్లి ఎల్లగొడ్తరా?"

"ఇది ఆట!" విజేందర్ గొంతు పెంచాడు. "గిట్ల పంచుకుంట పోతె ఎప్పుడు అయిపోవాలె?"

"ఎందుకు అయిపోవాలె?"

ముసలాయన గొంతులో కోపం లేదు. అలాగని వెనక్కి తగ్గడమూ లేదు.

విజేందర్ అట్ట మడిచేశాడు. బిళ్లలు చాప మీద చెల్లాచెదురయ్యాయి. "ఆట రానోళ్లను కూసోబెడితె గిట్లనే ఉంటది. మా ఇంట్ల మా రూలు. నచ్చకపోతె నడువు."

"నడుస్త. ఓడినోళ్లను లేపే ఆట నేను ఆడ."

లోపల్నించి అంతా విన్న శైలజ గొడుగు పట్టుకుని వచ్చేసరికి పెద్దులు ఖాళీ గోనెసంచి నెత్తిన కప్పుకుని రోడ్డు దాటుతున్నాడు. ఆమె పిలిచింది. వానలో వినిపించిందో లేదో, ఆయన తిరిగి చూడలేదు.

వానలు వెలిశాయి. బతుకమ్మ పండుగ దగ్గర పడి, గాజులకు గిరాకీ పెరిగింది. సరిగ్గా అప్పుడే ఎదురు దుకాణం ఖాళీ అయింది.

అదీ గాజుల దుకాణమే. స్వరూపది. ఏళ్ల తరబడి రెండిళ్లకూ మాటల్లేవు. అద్దెకున్న మడిగె కూలగొట్టి కాంప్లెక్స్ కడతానని యజమాని ఆమెను లేపేశాడు. ఎంత తిరిగినా ఇంకో జాగా దొరకలేదు. గాజుల పెట్టెలు రోడ్డు పక్కన పేర్చుకుని ఎండలో నిలబడింది.

విజేందర్ మిఠాయి డబ్బా తెచ్చాడు. "ఇగ ఈ బజార్ల గాజులంటె మనమే!"

శైలజ మిఠాయి ముట్టలేదు. రోడ్డు దాటి, స్వరూప పెట్టెల్లో ఒకటి తన నెత్తికెత్తుకుంది.

"మా దుకాణం ముందల అరుగు మీద సగం జాగా నీది. రా."

స్వరూప నమ్మలేదు. "మీ ఆయన ఊకుంటడా?"

"ఊకోడు, ఒర్రుతడు. ఒర్రనీ."

విజేందర్ నిజంగానే బజారంతా వినేలా అరిచాడు. "నెత్తి గిట్ల కరాబైందా నీకు? పోటీదాన్ని తెచ్చి ఇంటి ముందల పెడ్తవా?"

"పోటీ ఉండనీ. ఆమె గిరాకి నేను గుంజుకుంట, నా గిరాకి ఆమె గుంజుకుంటది. గని ఆమెను మాత్రం లేపనియ్య."

"జాగా నాది!"

"పొద్దుందాక దుకాణంల కూసునేది నేను. ఆమె లేస్తె నేను గూడ లేస్త. ఇగ నువ్వే అమ్ముకో గాజులు."

గుర్వమ్మ లోపల్నించి చాప తెచ్చింది. కొడుకు వైపు చూడకుండా అరుగు మీద పరిచింది. "కూసో బిడ్డా," అంది స్వరూపతో.

విజేందర్ తల్లిని చూశాడు, పెళ్లాన్ని చూశాడు. మిఠాయి డబ్బా పట్టుకుని లోపలికి పోయాడు.

ఈ సంగతి పెద్దులుకు చెప్పాలనిపించింది శైలజకు. ఆ ఆదివారమే అంగడికి పోయింది. మిరపకాయల వరుసలో ఆయన లేడు. పెద్దులు కుప్ప ఎక్కడని అడిగితే, పక్కవాళ్లు ఒకామెను చూపించారు.

"పెద్దులు తాత రాలేదా?"

ఆమె తక్కెడ కింద పెట్టింది. "మా మామ. నేను ఆయన కోడల్ని, యాదలక్ష్మిని. పోయిన నెల కాలం జేసిండక్కా."

శైలజ ఆ కుప్ప పక్కనే కూర్చుంది. వాన, ఆట, గొడవ అన్నీ చెప్పింది. "ఆట రాదని మా ఇంటాయన ఎల్లగొట్టిండు," అంది తల వంచుకుని.

"మా మామకు రాకపోవుడేందక్కా!" అంది యాదలక్ష్మి. "ఓడినోళ్లు లేవాలని పట్నం కంపెనోళ్లు రూలు మారిస్తె, డబ్బా మీద నా పేరే వద్దని కొట్లాడి వచ్చిండు. గా పెద్దబజారు ఆటను పుట్టిచ్చిందే మా మామ."