చప్పుడు చేసే కంప్యూటర్

భర్త గదిలోని కంప్యూటర్ ఆ మధ్యాహ్నం ఆగిపోయింది. కాలిన వాసన వచ్చింది. లోపలి ఫ్యాన్ రెండుసార్లు మూలిగి ఊరుకుంది. అప్పటికి అత్తగారు మాత్రలు వేసుకుని నిద్రపోయి పావుగంటైంది. నాలుగింటికి గాని లేవరు.

కోడలు ఆ డబ్బాను దుప్పట్లో చుట్టింది. పక్కింటావిడను అత్తగారి మంచం దగ్గర కూర్చోబెట్టి, వీధి చివర కంప్యూటర్ల దుకాణానికి వచ్చింది.

దుకాణదారు మూత విప్పి వాసన చూశాడు. బోర్డు మాడిపోయిందనీ, కొత్త కంప్యూటర్ కట్టించుకోవాల్సిందేననీ చెప్పాడు.

"నాలుగింటిలోగా అవుతుందా?"

"భాగాలన్నీ ఇక్కడే ఉన్నాయమ్మా. మీరు తేల్చుకోవడమే ఆలస్యం."

కాగితం తీసుకుని, సార్ ఏం పని చేస్తారని అడిగాడు. పుస్తకాలకు పేజీలు పేర్చే పని అని చెప్పింది. అలాగైతే ఫలానా ప్రాసెసర్ అన్నాడు. తలూపింది. మెమరీ ఎనిమిదా పదహారా అంటే ఎనిమిది చాలంది. గ్రాఫిక్స్ కార్డు వద్దంది. భాగం భాగానికీ గంటసేపు బేరాలాడే మనుషుల్ని చూసినవాడు కావడంతో, ఇంత సులువుగా తెమిలే మనిషి దొరికినందుకు అతనికి హాయిగా ఉంది. పేచీ డబ్బా దగ్గర వచ్చింది.

పై అరలోంచి నల్లటి డబ్బా ఒకటి దించాడు. లోపలి గోడలకు మెత్తటి స్పాంజి, ముందు రెండు పెద్ద ఫ్యాన్లు. కరెంటు పెట్టి పక్కకు జరిగాడు.

"చెవి ఆనించి వినండి. తిరుగుతోందో లేదో చెప్పండి చూద్దాం."

ఆవిడ ఒంగి విన్నది. "ఏమీ వినిపించడం లేదండీ."

"అదీ మరి!"

"నాకు వినిపించేది కావాలి."

ఎగతాళి చేస్తోందేమోనని అతను ఆవిడ ముఖం చూశాడు. అందులో ఏమీ కనిపించలేదు. ఆవిడ గోడ గడియారం వైపు చూసి, పాఠం అప్పజెబుతున్నట్టు చెప్పుకుపోయింది. అత్తగారికి తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయింది. గుండె కూడా అంతంతమాత్రం, కంగారు పడకూడదన్నారు. ఆపరేషన్ వద్దు మొర్రో అంటున్నా వినకుండా చేయిస్తున్నాడని, ఆస్పత్రిలో చేరిన రోజు అత్తగారు కొడుకును 'నా కళ్లపడకు' అనేసింది. అప్పటినుంచి మాటల్లేవు. ఇద్దరి గదులకూ మధ్య ఒకటే గోడ. పాత కంప్యూటర్ చప్పుడు వినిపిస్తున్నంతసేపూ కొడుకు అవతల పనిలో ఉన్నాడని నిమ్మళంగా ఉంటుంది. ఆగితే ఇల్లు వదిలి పోయాడనుకుంటుంది.

దుకాణదారు నవ్వాడు. తనకూ తన తండ్రికీ ఒకసారి నాలుగు నెలలు మాటల్లేవట. ఒకే పంక్తిలో కూర్చుని తింటూ, ఉప్పు అందించమని కూడా తల్లి చేత అడిగించుకునేవారట.

"సార్‌నే ఒకసారి రమ్మనండి. వాడేది ఆయనే కదా."

"ఆయన రారండీ."

"పట్టుదల మనిషన్నమాట," అని తనకు తనే సర్దిచెప్పుకుని ఫ్యాన్ల పెట్టె ముందుకు లాగాడు.

మొదటిది బుసకొట్టింది. ఆవిడ కళ్లు మూసుకుని విని తల అడ్డంగా ఊపింది. రెండోది తుమ్మెదలా రొద పెట్టింది. సన్నగా ఉందంది. మూడోదానికి బల్ల మీది మరలు కదిలాయి. అంత గోల వద్దంది. ఆగిపోతుందేమో అన్నట్టు తగ్గి, మళ్లీ అందుకోవాలంది.

"అలా తిరుగుతోందంటే అది చావుకు దగ్గరపడ్డట్టమ్మా."

ఆవిడ కళ్లు తెరవలేదు. అతను బల్ల కింది పనికిరాని సామాను బుట్టను కాలితో ఇవతలికి లాగాడు. నూనె ఎండిపోయిన ఫ్యాన్ ఒకటి ఏరి, దుమ్ము ఊది, తీగలు కలిపాడు. గుర్రు, గుర్రు. చిన్న తడబాటు. మళ్లీ గుర్రు.

"ఇదే."

ఇరవై ఏళ్లుగా చప్పుడు లేని మెషీన్లు కడుతున్నానని, దీనిమీద తన దుకాణం స్టిక్కర్ మాత్రం వేయనని అతను ఖరాఖండీగా చెప్పాడు. ఆవిడ సరేనంది. పలచటి రేకు డబ్బా ఎంచి పనిలో దిగాడు. అంతా బిగించాక, కాస్త ఆలోచించి, ఒక మరను తనే వదులు చేశాడు.

"రేకు కూడా అదిరితే గోడ దాటుతుంది."

ఇంటికి చేరేసరికి నాలుగింటికి ఇంకా పది నిమిషాలుంది. భర్త గదిలో బల్ల కింద పెట్టి మీట నొక్కింది. గుర్రు మొదలైంది. పక్కింటావిడ కోడలి భుజం మీద ఒక్కక్షణం చెయ్యి వేసి వెళ్లిపోయింది.

అత్తగారు కళ్లు విప్పి, కదలకుండా కాసేపు విన్నది.

"అమ్మాయ్, వాడు తిన్నాడా?"

"తిన్నారత్తయ్యా."

"డాక్టర్లు నన్ను ఎప్పుడు నిలబెడతామన్నారు?"

"సోమవారం."

అత్తగారు దుప్పటి అంచు సర్దుకుంది. "అన్నది నేను. పిలవాల్సిందీ నేనే. ఇక్కణ్ణుంచి అరిస్తే బాగుండదు. కాలు నేలకు ఆనగానే గోడ పట్టుకుని నేనే ఆ గదికి వెళ్తాను. వాడికి ముందే చెప్పేయకు."

"చెప్పనత్తయ్యా," అంది కోడలు.

తను ఆపరేషన్ బల్ల మీద ఉన్న పూటే కొడుకు రోడ్డు ప్రమాదంలో పోయాడని అత్తగారికి ఇంకా ఎవరూ చెప్పలేదు.