గేటు బయట హెడ్మాస్టరు

"ఈ తాళాలు నాకొద్దు సార్" అని హెడ్మాస్టరు ప్రభుదాసు తాళాలగుత్తి బల్లమీద పెట్టేశాడు.

తెల్లారితే మెదక్‌లో ఓపెన్ స్కూల్ పరీక్షలు. ఆ సెంటరుకు చీఫ్ సూపరింటెండెంట్ ఆయనే. పొద్దున్నే పోలీస్ స్టేషన్‌కు పోయి ప్రశ్నపత్రాల కట్టలు తేవడం, సీలు తీయడం, చివరి పేపరు కట్టేదాకా కాపలా ఉండడం, అన్నీ ఆయన మీదే ఉన్నాయి.

పరీక్షల ఆఫీసరు చంద్రకాంత్ కళ్లజోడు తీశాడు.

"ఏంది సార్ గిది? గిప్పుడు కాదంటే నేనెవల్ని తేవాలె?"

"గాలయ్య సారున్నడు. మంచిగ చేస్తడు."

"ఆయన సంగతి నాకెర్కే. మీకేమైంది? స్క్వాడ్ అంటే భయమా?"

"కాదు."

"బీపీనా?"

"లేదు సార్."

"సొంతోళ్లు రాస్తుంటే డ్యూటీ ఇయ్యొద్దని రూలుంది. గదన్న అందామంటే మీ పిల్లలిద్దరు ఎన్నడో ఇంజినీర్లైరి. మరేంది? మీ ఊరు కౌడిపల్లిల వడ్లు ఎండవోసేదుందా?"

పక్కన క్లర్కు కిసుక్కున నవ్వాడు. ప్రభుదాసు నవ్వలేదు. కారణం నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఎవరికీ చెప్పనని మాట ఇచ్చి ఉన్నాడు. మింగేశాడు.

"ఇంటి పని సార్" అన్నాడు.

"వచ్చే నెల మండలం విద్యాధికారి చార్జి మీకే ఇయ్యాలనుకున్నం. మెమో వడితే గది పోతది. తెల్సా?"

"తెల్సు."

"తెల్సినా గంతేనా?"

"గంతే సార్."

పది నిమిషాల్లో మెమో టైపయింది. ప్రభుదాసు నిలబడే చదివాడు, సంతకం పెట్టాడు, నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. మెట్లు దిగేసరికి కాళ్లు తేలికయ్యాయి. ఎదురుగా ఉన్న హోటల్లో చాయ్ తాగాడు. ఇంకోటి చెప్పాడు.

హోటలు పరశురాం ఆయన ముఖం చూసి "ఏంది సార్, ప్రమోషనొచ్చినట్టుంది?" అన్నాడు.

"మెమో వచ్చింది."

పరశురాం చాయ్ పోస్తూ పోస్తూ ఆగిపోయాడు.

తెల్లారి పరీక్ష సమయానికి ప్రభుదాసు సెంటరు గేటు బయట ఉన్నాడు. చేతిలో నీళ్ల సీసా. ఎండ అప్పుడే కొరుకుతోంది. పక్కనే ఒకతను చంటిపిల్లను ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుంటున్నాడు. లోపలికి పోతున్న టీచర్లు ప్రభుదాసును చూసి, చూడనట్టు పోయారు. గేటు దాటాక గుసగుసలాడుకున్నారు.

అటెండరు మల్లేశ్‌కు మనసొప్పలేదు.

"సార్, జర నీడకు రాండ్రి. మీ కుర్సిల గాలయ్య సారు కూసున్నడు."

"కూసోనీ. ఫ్యాను తిరుగుతుందా లోపల?"

"మస్తు తిరుగుతుంది సార్."

"అన్ని రూముల్ల?"

"అన్నిట్ల."

ప్రభుదాసు తల ఊపాడు. అక్కడే నిలబడ్డాడు.

పరీక్ష ముగిసిన గంట కొట్టగానే జీపు వచ్చి గేటు ముందు ఆగింది. చంద్రకాంత్ దిగాడు, ప్రభుదాసును చూశాడు. నిన్న అణచుకున్న కోపమంతా పైకి వచ్చింది.

"డ్యూటీ చేయనీకి చాతగాలే గని, గేటుకాడ నిలవడనీకి చాతనైందా? ఇంటి పనంటే ఇదేనా సార్? ఇరవై ఎనిమిదేండ్ల సర్వీసు! నలుగురు నవ్వుతుండ్రు!"

నిజంగానే నలుగురు చూస్తున్నారు. ప్రభుదాసు తల వంచుకుని నీళ్ల సీసా మూతను తిప్పుతూ ఉండిపోయాడు.

లోపలి నుంచి ఒక్కొక్కరే బయటికి వస్తున్నారు. గుంపులోంచి ఇస్త్రీ చీర కట్టుకున్న యాభై ఏళ్లావిడ వచ్చి ప్రభుదాసు పక్కన నిలబడింది. ఆఫీసరు మాటలన్నీ ఆమెకు గేటు లోపలే వినబడ్డాయి. ప్రభుదాసు సీసా అందించాడు.

"మా ఆమె సార్, జ్ఞానమ్మ" అన్నాడు.

చంద్రకాంత్ గొంతు వెంటనే తగ్గింది.

"ఓ, నమస్తే మేడం! ఇన్విజిలేషనా? చూడుండ్రి, సారు ఇడిసివెట్టిపోయినా మీరన్న డ్యూటీ చేసిండ్రు. ఏ స్కూల్ల టీచరు మేడం మీరు?"

ప్రభుదాసు ఆమె వైపు చూసి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

"ఎండ మస్తుంది. పోదాం పా."

జ్ఞానమ్మ కదల్లేదు. రెండు గుక్కలు తాగింది. సీసా మూత బిగించింది. ఇంకు అంటిన వేలిని కొంగుకు తుడుచుకుని, ఆ కొంగు మాటున దాచిన కాగితం తీసి ఆఫీసరు ముందు పెట్టింది.

"నేను టీచర్ను కాదు సార్, పదో తరగతి రాస్తున్న. ఇగో నా హాల్‌టికెట్. నేను లోపలుండాల్నంటే ఈయన బయటుండాలె. రూలు మీదే గద!"