ఇద్దరికీ నచ్చిన ఓడ

“ఓడల సంగతి మాకు ఓనమాలు కూడా తెలీవమ్మా. ఎక్కడం ఇదే మొదటిసారి,” అన్నాడు పెద్దాయన కుర్చీ లాక్కుంటూ.

టూరిస్టు ఆఫీసులో ఆ కౌంటరు అమ్మాయిని అందరూ చిట్టి అంటారు. పొద్దుటినుంచీ చిట్టి మనసు మనసులో లేదు. సాయంత్రంలోగా పెళ్లికి ఔనో కాదో చెప్పాలి. ఆగకుండా అమ్మ ఫోన్లు. కుర్రాడు మంచివాడే. ఉద్యోగం ఉంది, చెడలవాట్లు లేవు. మాటే లేదు. హోటల్లో కాఫీకి కలిస్తే మొత్తం కలిపి నాలుగు ముక్కలు మాట్లాడాడు, అందులో రెండు వెయిటరుతో. ఇలాంటి మనిషితో జన్మంతా ఎలా వేగడం? అదీ ఆ పిల్ల గుబులు.

“పెళ్లయి ముప్పై ఏళ్లు నిండుతున్నాయని పిల్లలు పట్టుబట్టారు,” అంది పెద్దావిడ చేతిసంచి ఒళ్లో పెట్టుకుని. “ఇద్దరూ కలిసి ఓడెక్కి తీరాల్సిందేనట. ఖర్చంతా వాళ్లదే. ఏ ఓడన్నది మాత్రం మాకొదిలేశారు.”

“ఎంత అదృష్టమండీ!” అంది చిట్టి. మాటవరసకే అంది గానీ, కాస్త అసూయ కూడా కలిసింది.

రంగురంగుల కాగితాలు బల్లమీద పరిచింది.

“ఇది చూడండి. తక్కువ మంది, సముద్రం వైపు బాల్కనీ, భోజనానికి మీ ఇద్దరికే విడిగా ఓ బల్ల. మొదటిసారి వెళ్లే జంటలు దీనికే ఎగబడతారు.”

“వద్దు,” అన్నారిద్దరూ ఒక్కసారే.

చిట్టికి నవ్వాగలేదు. ఎంతగా కలిసిపోయారో చూడు!

“పోనీ, వేసవి సెలవుల స్పెషల్? చిన్న చిన్న దీవుల దగ్గర ఆగుతుంది. చేతిలో చెయ్యేసుకుని ఒడ్డున హాయిగా నడవచ్చు.”

“ఆవిడకి మోకాళ్ల నొప్పులు. ఇసకలో నడవలేదు,” అన్నాడాయన.

“ఆయనకి ఎండ తగిలితే చాలు, తలనొప్పి. ఇక మంచం దిగరు,” అందావిడ.

ఒకరి నొప్పి ఇంకొకరి నోట వింటుంటే చిట్టికి ముచ్చటేసింది.

“ఇక మిగిలింది కొత్త సంవత్సరం ఓడ. ముందే చెప్తున్నా, అది ఓడ కాదండీ, నీళ్లమీద సంత. లేచింది మొదలు పాటల పోటీలు, ఆటలు, బ్యాండు, బాణసంచా. మైకు ఆగదు. ఒక్కో బల్లకి ఎనిమిదేసి మంది, అందరూ కొత్త మొహాలే. మీకు చెవులు చిల్లులు పడతాయి.”

పెద్దావిడ ముందుకు వంగింది. “మైకు అస్సలు ఆగదా?”

“ఆగదండీ.”

“బల్ల దగ్గర ఎప్పుడూ జనం ఉంటారా?” అన్నాడు పెద్దాయన.

“మేమిద్దరమే కూర్చుంటాం అన్నా కుదరదు.”

“అయితే ఇదే ఖాయం చేసెయ్యమ్మా!” అన్నాడాయన.

“ఆయనకీ ఇదే నచ్చినట్టుంది. ఇంకేం, రాసెయ్,” అంది పెద్దావిడ.

ఈ వయసులో ఇంత హుషారా! చిట్టి చకచకా టైపు కొట్టడం మొదలుపెట్టింది. గది ఎలాంటిది కావాలని అడిగింది.

“ఓడకి నడిమధ్యలో చూడు. ఆవిడకి కారెక్కినా కడుపులో తిప్పుతుంది. మధ్య గదుల్లో ఊపు తక్కువట కదా,” అన్నాడాయన.

“మంచాలు విడివిడిగా ఉండాలి. నేను రాత్రిళ్లు లేస్తుంటాను. ఆయనది కోడికునుకు, కాస్త అలికిడైనా మెలకువ వచ్చేస్తుంది. వంటవాళ్లకి ఉప్పు తగ్గించమని కూడా రాయి. ఆయన నోరు తెరిచి అడగరు, మొహమాటం.”

“ఆవిడకి వేరుసెనగ పడదు. పొరపాటున తగిలినా ఒళ్లంతా దద్దుర్లే. అది పెద్దక్షరాల్లో రాయమ్మా, మర్చిపోకు.”

చిట్టి చేతులు ఆగిపోయాయి. ఒకరి మొహం ఒకరు చూసుకునే పనే లేదు వీళ్లకి. ఏం కావాలని అడిగే పనీ లేదు. అన్నీ తెలుసు! ఈమాత్రం దానికి తను మాటలు, మాటలు అని కొట్టుకుంటోంది. వాగుడుకాయ మొగుణ్ని కట్టుకుని అక్క ఏం సుఖపడింది గనక?

“మిమ్మల్ని చూస్తుంటే కడుపు నిండిపోతోందండీ,” అనేసింది ఉండబట్టలేక. “నాకూ సంబంధం కుదిరేట్టుంది. అబ్బాయి అసలు మాట్లాడడు. అదే నా భయం.”

పెద్దాయన బల్లమీది పెన్ను తీసి మళ్లీ అక్కడే పెట్టాడు. పెద్దావిడ సంచి జిప్పు లాగింది, మూసింది.

“మంచివాడేనా?” అంది చివరికి.

“మంచివాడేనండీ.”

“అందరూ మంచివాళ్లేనమ్మా,” అంది పెద్దావిడ లేస్తూ.

ఆ మాటని ఎటు తీసుకోవాలో చిట్టికి అర్థం కాలేదు. తనకి కావలసిన వైపు తీసుకుంది.

పెద్దాయన గాజు తలుపు తెరిచి పట్టుకున్నాడు. ఆవిడ మోకాలు పట్టుకుని మెల్లగా గడప దాటేదాకా అలాగే నిలబడ్డాడు. చిట్టి కన్నార్పకుండా చూసింది. వాళ్లు లిఫ్టు దగ్గరికి చేరారో లేదో, ఫోన్ తీసింది.

“అమ్మా, సరేనని చెప్పెయ్.”

“నిజంగానా తల్లీ? మళ్లీ మాట మార్చవు కదా? ఇప్పుడే వాళ్లకి ఫోన్ చేసేస్తున్నా!”

“చేసెయ్. మాటల్లో ఏముందే అమ్మా, మనసు తెలిస్తే చాలు.” ఎన్నాళ్ల బరువో దిగినట్టయింది. చిట్టి కళ్లు తుడుచుకుని నవ్వుకుంది.

కింద, కారు తలుపు వేసుకున్న పెద్దావిడ పక్కనున్న మొగుడి వైపు తలైనా తిప్పకుండా, ఆ ఇద్దరికీ మాటలు ఆగిపోయిన దగ్గర్నుంచీ ఇన్నేళ్లుగా ఇటు మాట అటు చేరవేస్తున్న డ్రైవరుతో, “దారిలో మందులషాపు దగ్గర ఆగాలేమో, ఆయన్ని అడుగు బాబూ,” అంది.