సారయ్య పేరు మీద బియ్యం

"సారయ్య ఇల్లిదేనా బిడ్డా?"

గేటు అవతల ముసలాయన. చేతిలో గుడ్డ సంచి. కుడి కనుబొమ మధ్యలో పాత గాటు.

జ్యోతిరాణి చేతిలో బియ్యం పళ్లెం ఉంది. వాకిట్లో అయ్యగారు తొందర పెడుతున్నాడు. ఆ రోజు పెత్రమాస. మందమర్రి కాలనీలో ప్రతి ఇంటివాళ్లూ పోయిన పెద్దల పేరు మీద బియ్యం ఇచ్చే రోజు. ఆయన తిరగాల్సిన క్వార్టర్లు ఇంకా చాలా ఉన్నాయి.

"ఇదే తాతా. బాపు పోయి ఏడాదాయె."

ముసలాయన గేటు ఊచ పట్టుకున్నాడు.

"అయ్యో! నౌకరి అయిపాయె, ఇగ నేను కనపడ్డా వానికేం కాదనుకొని వచ్చిన. ఎన్నడో రావాల్సింది."

జ్యోతిరాణి ఆ మాటను పట్టించుకోలేదు. పెత్రమాస నాడు విస్తరి కోసం గేటు దగ్గర నిలబడే ముసలివాళ్లు కొత్తేమీ కాదు.

పైగా ఇవాళ ఆమె మనసంతా వేరే చోట ఉంది. తండ్రి బతికినన్నాళ్లూ తన ఊరు చెప్పలేదు. "మనకు ఊరు లేదు బిడ్డా" అనేవాడు. పేరు పెట్టి పిలిస్తే ఒక్క పిలుపుకు పలికేవాడూ కాదు. బొగ్గుబాయి మోత చెవులు తినేసిందని ఇంట్లో నవ్వుకునేవాళ్లు.

ఆయన పోయాక ఆమె తట్టుకోలేకపోయింది. నా అన్నవాళ్లెవరో చెప్పకుండా పోయిన మనిషికి పై లోకంలో మాత్రం ఎవరు ఎదురొస్తారు? సర్వీసు కాగితాలు పట్టుకుని ఏడాదిపాటు ఆదివారాలన్నీ బస్సుల్లో తిరిగింది. చివరికి మెట్‌పల్లి అవతల ఒక పల్లెలో ఇంటిపేరు కలిసింది.

"సారయ్య మావోడే. ఇరవై ఏండ్లప్పుడు ఇల్లిడిచి పోయిండు. మల్ల రాలే" అన్నారు వాళ్లు.

తాత పేరు, ముత్తాత పేరు రాసుకుని, వచ్చే దారంతా బస్సులో ఏడ్చింది.

"గాజుల సారయ్య. తండ్రి లింగయ్య. తాత మల్లయ్య" అన్నాడు అయ్యగారు. "నీళ్లు విడువమ్మా."

మూడు పేర్లూ నోరారా పలికి నీళ్లు విడిచింది.

గేటు దగ్గర ముసలాయన మెట్టు మీద కూలబడ్డాడు.

"లింగయ్య సుత పోయిండా?"

"పోయి ఇరవై ఏండ్లట."

"ఆయన భార్య?"

"ఆమె ఇంకా ముందే పోయిందట. ఎందుకు తాతా, మావోళ్లు నీకెరికేనా?"

ఆయన తువ్వాలలో ముఖం దాచుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. ముఖం తుడుచుకుని లేచాడు.

"బిడ్డా, గింత దోసెడు బియ్యం కొమురయ్య పేరు మీద ఇయ్యరాదు?"

"కొమురయ్య ఎవలు?"

"నా దోస్తు. మంచోడు."

జ్యోతిరాణికి ఒళ్లు మండింది. ఇన్నాళ్లు తిరిగి తిరిగి సంపాదించుకున్న పేర్ల పక్కన ఎవరో దారిన పోయేవాడి పేరా!

"ఎవలెవలో పేర్లకు మేమెందుకిస్తం తాతా? జర ఆగు, నీకు విస్తరి కడత."

"నాకొద్దు తల్లీ."

సందు చివర దుకాణానికి వెళ్లి ఆయనే బియ్యం పొట్లం పట్టుకొచ్చాడు. అయ్యగారి ముందు కూర్చుని దోసిలి పట్టాడు.

"కొమురయ్య. ఊరు ఖానాపూర్ దిక్కు. తండ్రి పేరు..."

జ్యోతిరాణి అప్పటికే పళ్లెం కడగడానికి లోపలికి నడిచింది.

తిరిగొచ్చేసరికి ఆయన లేడు.

"భివండి బస్సుందట. నీళ్లు తాగి పొమ్మంటే గూడ ఆగలే" అన్నాడు అయ్యగారు, సంచి సర్దుకుంటూ.

మధ్యాహ్నం ఆమె తను గీస్తున్న వంశవృక్షం చార్టు తీరిగ్గా ముందేసుకుంది. తండ్రి పేరు దగ్గర అంటించడానికి ఆయన పడుచు నాటి ఫొటో ఒకటి కావాలి. పాత ట్రంకు పెట్టె తీసింది. అడుగున పరిచిన కాగితం కింద ఒకటి దొరికింది. స్టూడియోలో భుజాల మీద చేతులేసుకుని ఇద్దరు పడుచువాళ్లు. వెనక బాపు వంకర అక్షరాలు.

"ఎడమ దిక్కు నేను, కొమురయ్యను. కుడి దిక్కు సారయ్య. బాయి నౌకరి వానికొచ్చింది. మా ఇంట్ల పస్తులు చూసి కాయితం నాకిచ్చిండు. వాని పేరు మీద నేను బాయిల దిగిన. ఒక్క పేరుతోని ఇద్దరు కనపడితే నా నౌకరి పోతదని వాడు ఇల్లిడిచి బట్టల మిల్లు పనికి భివండి పోయిండు."

గనుల ఊళ్లో మారుపేరుతో బతికినవాళ్ల కథలు ఆమె చాలానే విన్నది. తమ ఇంట్లోనే ఒకటి ఉందని కలలో కూడా అనుకోలేదు.

ఫొటో తిప్పి చూసింది. కుడివైపు పిల్లవాడి కనుబొమ మధ్యలో గాటు.

చెప్పులు కూడా వేసుకోకుండా బస్టాండుకు పరుగెత్తింది. భివండి బస్సు వెళ్లి రెండు గంటలైందన్నారు. ఆయన అక్కడ ఏ పేరుతో బతుకుతున్నాడో చెప్పేవాళ్లు ఎవరూ లేరు. అక్కడి నుంచే అయ్యగారికి ఫోన్ చేసింది.

"అయ్యగారూ, పొద్దున ఆ ముసలాయన చెప్పిన పేర్లు... కొమురయ్య తండ్రి పేరేందండీ?"

"పొద్దటి సంది అరవై ఇండ్ల పేర్లు చదివిన బిడ్డా. ఏం యాదుంటయి?"

ఆమె కన్నతండ్రికి ఆ పరాయివాడే బియ్యం ఇచ్చి పోయాడు. ఏడాదిగా ఊరూరా తిరిగి వెతికిన తాతముత్తాతల పేర్లు తన వాకిట్లోనే వినపడుతుంటే, ఆమె లోపల పళ్లెం కడుక్కుంటూ ఉంది.

జ్యోతిరాణి బస్టాండు అరుగు మీదే కూర్చుని గుండెలవిసేలా ఏడ్చింది. పొద్దున చచ్చినవాళ్లలో కలిపి ఆమె నీళ్లు విడిచిన సారయ్య, గేటు మెట్టు మీద కూర్చుని తన పేరు తానే విని, గుక్కెడు మంచినీళ్లయినా తాగకుండా లేచి వెళ్లిపోయాడు.