కోసిన చెవి

మూడోసారి కూడా అదే తెల్లపిల్లిని బోనులో పెట్టుకుని వచ్చాడు ముసలాయన.

చూడగానే గ్వెన్‌కి ఒళ్ళు మండిపోయింది.

ఎడారి ఊరైన టూసాన్ చివర, చక్రాల మీది రేకుల ఇళ్ళుండే ట్రైలర్ పార్కులో, రెండు నెలలకోసారి, మంగళవారం పొద్దున్న ఆవిడ వీధిపిల్లుల శిబిరం పెడుతుంది. డాక్టరేమో ఒక్కతే, బోన్లు ముప్పై. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, గుర్తుకి ఎడమచెవి కొస కత్తిరించి, పట్టుకొచ్చిన చోటే వదిలేస్తారు. కొస లేని పిల్లి మళ్ళీ వస్తే డాక్టరు దాకా పోనవసరం లేదు, తలుపు తీసి పొమ్మనడమే.

ఈ తెల్లపిల్లికి ఎడమచెవి కొస లేదు. ఇంక చూసేదేముంది?

ఆయన పేరు ఎల్డన్. ఇళ్ళ కప్పులకి తారు పోసి పోసి, ఒంట్లో ఓపిక పోయాక మానేశాడు. చెవుల మీదికి గుడ్డ వేలాడే టోపీ పెట్టుకుంటాడు. ఆ ఎండలో అలాంటి టోపీ లేనివాడెవడు గనక, ఎవరూ పట్టించుకోలేదు.

ఏప్రిల్లో మొదటిసారి వచ్చినప్పుడు, తనకి తొమ్మిదింటికి వేరే పనుందనీ, కాస్త ముందు చూసి పంపమనీ అడిగాడు. పనులు అందరికీ ఉన్నాయి, వరసలో కూర్చోమంది గ్వెన్. పన్నెండు దాకా కూర్చోబెట్టి, ఇది మేం చేసేసిన పిల్లే, తీసుకుపొమ్మంది.

జూన్‌లో మళ్ళీ వచ్చాడు. మళ్ళీ అదే తొమ్మిదింటి పాట. ఆ చెవి ఎవరూ కోసింది కాదు, పుండు తినేస్తోంది అన్నాడు. పిల్లులన్నాక కొట్టుకుంటాయి, గీరుకుంటాయి అని ఆవిడ కొట్టిపారేసింది. ఆ రోజు కూడా పన్నెండు దాటాకే ఇంటికెళ్ళాడు.

ఇప్పుడు ఆగస్టు.

"పెద్దాయనా, మీకు ఎన్నిసార్లు చెప్పాలి?"

"డాక్టరమ్మని ఒక్కసారి చూడమను తల్లీ. ఒక్క నిమిషం. నాకు తొమ్మిదింటికి..."

"పనుంది. తెలుసు. ఉంటే వెళ్ళండి, ఎవరు ఆపారు?"

"ఇది కేన్సరు."

"మీరు డాక్టరా?"

ఎల్డన్ మొహం జేవురించింది.

"కాదు. కానీ ఇది ఎలా మొదలవుతుందో నాకు తెలుసు. ముందు ఎర్రగా కందుతుంది. పెచ్చు కడుతుంది, ఊడుతుంది, మళ్ళీ కడుతుంది. నీ కత్తెర అలా కోస్తుందా?"

వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. గ్వెన్‌కి తల కొట్టేసినట్టయింది. బోను లాక్కుని తలుపు ఎత్తేసింది. పిల్లి ఒక్క ఉరుకులో ట్రైలర్ల కిందికి దూరిపోయింది.

ముసలాయన మోకాళ్ళ మీద వంగి "పౌడర్, పౌడర్" అని పిల్లిని పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నాడు. తొమ్మిదయింది. పదయింది. ఇంతమందిలో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు లేచి సాయం పట్టలేదు.

అక్టోబరులో బోను తెచ్చింది ఆయన కాదు, ఆయన పక్క ట్రైలర్లో ఉండే ఒఫీలియా. వరసలో నిలబడలేదు. తిన్నగా డాక్టర్ బెగే బల్ల మీద బోను దభీమని పెట్టింది. ఆపితే మీద పడేలా ఉంది, అందుకని గ్వెన్ ఆపలేదు.

డాక్టర్ పిల్లికి మత్తిచ్చి, చెవి అటూ ఇటూ తిప్పి చూసింది.

"గ్వెన్, ఇలా రా. నేను కోస్తే గీత గీసినట్టుంటుంది. ఇదేంటి? అంచంతా తినేసింది. పైగా తెల్లపిల్లి. మన ఎండలో తెల్ల చెవులకి ఏమవుతుందో నీకు తెలీదా?"

"కొస లేదు కదా అని..."

"ఏప్రిల్లో నా దాకా రానిచ్చుంటే ఆ కాస్త చోటూ మంచులా గడ్డకట్టించి మాడ్చేసేదాన్ని. ఐదు నిమిషాల పని. ఇప్పుడు రెండు చెవులూ తీసెయ్యాలి."

తీసేసింది. మెడలో గడ్డల్లేవు, బతుకుతుంది, ఇక ఎండలోకి మాత్రం పంపొద్దంది.

చెవుల్లేని ఆ బోడితల మీదికి గ్వెన్ తువ్వాలు లాగింది. తన మీద తనకే వచ్చిన కోపం పెట్టుకోను చోటు దొరక్క, ముసలాయన మీదికి మళ్ళింది. అంత తెలిసినవాడు సరిగ్గా చెప్పి ఏడవొచ్చుగా, డాక్టరు కాకపోతే ఆయనకి ఎలా తెలిసిందట అంది. ఎక్కడున్నాడో రమ్మను, నేనే మాట్లాడతానంది.

"పోయినవారం పోయాడు," అంది ఒఫీలియా.

గ్వెన్ బోను తలుపు పట్టుకుని ఆమెకేసి తిరిగింది.

"బోను నేను పట్టుకెళ్తాను, నీ పని నువ్వు చూసుకో అని ఆయనకి చెప్పాను. వింటేగా. ఆయన చేతికి తప్ప ఇది ఎవరికీ చిక్కేది కాదు. చివరికి ఇది ఆయన మంచం దిగనని కూర్చుంటే, అక్కడే పట్టుకున్నాను."

ఒఫీలియా సంచిలోంచి ఎల్డన్ టోపీ తీసింది. టోపీకి వేలాడే గుడ్డ ఎడమవైపు చీము మరకలు కట్టి అట్టలా ఉంది. లోపల మడిచి పెట్టిన ఆసుపత్రి ఉత్తరం లాగి, గ్వెన్ చేతిలో కుక్కింది.

ఎడమచెవి కేన్సర్ ఆపరేషన్, ఉదయం తొమ్మిది గంటలకి అని పైన రాసుంది. కింద ఏప్రిల్లో ఒక మంగళవారం, జూన్‌లో ఒకటి, ఆగస్టులో ఒకటి, మూడింటి పక్కనా "రోగి రాలేదు" అని ఉంది.